పెద్దమ్మ కోసం పెండ్లాన్నిచ్చిండట!

స్పైడర్‌మ్యాన్ తన పెళ్లిని ఒక దయ్యానికి ధారపోశాడన్న వార్త న్యూయార్కులో 2007 డిసెంబరులో బయటపడింది. కొత్తపేటలో మా ఇంటికి చేరేసరికి 2024 వచ్చింది. మధ్యలో దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా ఉంది కదా, ఆ మాత్రం ఆలస్యం మామూలే.

వార్త మోసుకొచ్చినవాడు మా బామ్మర్ది కొడుకు. సూర్యాపేట వాడు. బీటెక్ అయిందనిపించుకుని, జావా నేర్చుకుంటానని దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో చేరాడు. అక్కడ మెయిన్ రోడ్డు మీద నిలబడి తలెత్తితే ఆకాశం కనపడదు. కింద జావా, పైథాన్ బోర్డులు. వాటి మీద గ్రూప్స్, ఎస్సై, కానిస్టేబుల్ బోర్డులు. వాటి మీద బాయ్స్ హాస్టల్, లేడీస్ హాస్టల్ బోర్డులు. అన్నిటికీ పైన మియాపూర్ పోయే మెట్రో. ఆ బోర్డుల వెనకాల ఎక్కడో నలుగురు పడుకునే గదిలో మావాడిదొక మంచం. వారమంతా జావా, ఆదివారం మా ఇంట్లో కోడికూర. నాయనమ్మను చూసిపోదామని వస్తున్నానంటాడు. ఆ నాయనమ్మే మా అత్తమ్మ. వాడు ఎవరి కోసం వస్తున్నాడో ఆవిడకూ తెలుసు. అందుకే లెగ్‌పీసు ముందే తీసి వేరే గిన్నెలో మూతపెట్టి ఉంచుతుంది. ఈ ఇంటి అల్లుణ్నయి ఇన్నేళ్లయినా ఆ గిన్నె మూత నా ముందు తెరుచుకోలేదు. అది వేరే వ్యాసం.

ఆ ఆదివారం వాడు ముద్ద కలిపి నోట్లో పెట్టుకోకుండా నిట్టూర్చాడు. అత్తమ్మ హడలిపోయింది.

"ఏమైందిరా? పరీక్ష పోయిందా? ఎవరన్న పిల్ల గిట్ల…"

"అదేం లేదు నాయనమ్మా. స్పైడర్‌మ్యాన్ పెండ్లాన్ని దయ్యానికి ఇచ్చేసిండు."

ఆవిడ కాసేపు ఆలోచించింది. "మీ హాస్టలోడా?" అంది.

అక్కణ్నుంచి వాడు మొదలుపెట్టాడు. పీటర్ పార్కర్‌కు అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయారు. నాన్నకు అన్న బెన్, ఆయన భార్య మే పెంచి పెద్దచేశారు. అంటే మన లెక్కన పెదనాన్న, పెద్దమ్మ. పిల్లాణ్ని సాలీడు కుట్టింది, శక్తులొచ్చాయి, పెదనాన్న ఒక దొంగ చేతిలో పోయాడు. పీటర్ పెద్దవాడై మేరీ జేన్ అనే అమ్మాయిని ఇష్టపడ్డాడు. 1987లో పెళ్లయింది. పుస్తకంలో చేసి ఊరుకోలేదు వాళ్లు. న్యూయార్కులోని షే స్టేడియంలో, బేస్‌బాల్ ఆట కోసం వచ్చిన జనం ఎదుట, వేషాలు కట్టిన జంటను నిలబెట్టి మరీ చేశారు. స్పైడర్‌మ్యాన్‌ను పుట్టించినవాళ్లలో ఒకడైన స్టాన్ లీ పంతులుగారి స్థానంలో నిలబడ్డాడు. ఇంత మంది చూసిన పెళ్లి అది.

కాపురం ఇరవై ఏళ్లు నడిచింది. 2006లో సివిల్ వార్ అనే పెద్ద కథ వచ్చింది. అందులో పీటర్ ప్రెస్‌మీట్ పెట్టి ముసుగు తీసేశాడు. ఇంకేముంది, పగవాళ్లకు ఇంటి అడ్రసు దొరికింది. వాళ్లు కాల్చిన గుండు వెళ్లి పెద్దమ్మకు తగిలింది. డాక్టర్లు చేతులెత్తేశారు. శక్తులున్న స్నేహితులూ తమవల్ల కాదన్నారు. అప్పుడొచ్చాడు మెఫిస్టో, అంటే దయ్యాల పెద్ద. 'నీ ఆత్మ నాకు అక్కర్లేదు, మీ పెళ్లి ఇచ్చెయ్, ముసలావిడ బతుకుతుంది, మీకు పెళ్లయిందన్న సంగతి లోకంలో ఎవరికీ గుర్తుండదు' అన్నాడు. మొగుడూ పెళ్లామూ ఒక రాత్రంతా ఏడ్చి సరేనన్నారు. ఆ కథ పేరు వన్ మోర్ డే.

ఇది చదివి అభిమానులు ఎంత గగ్గోలు పెట్టారో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. కథ రాసిన స్ట్రజిన్‌స్కీ అంతటివాడే చివరి రెండు సంచికల మీద నా పేరు తీసెయ్యండి అన్నాడు. తర్వాత బుజ్జగిస్తే ఊరుకున్నాడు. బొమ్మలు గీసిన జో కెసాడా అప్పట్లో మార్వెల్ ప్రధాన సంపాదకుడు కూడా. ఆయనకు మొదట్నుంచీ ఈ పెళ్లి గిట్టదు. పెళ్లయినవాడు పెద్దవాడిలా కనిపిస్తాడట, కుర్రకారు అతన్ని తమవాడనుకోలేరట. విడాకులిప్పిస్తే ఇంకా పెద్దవాడవుతాడు, మేరీ జేన్‌ను చంపేస్తే పెళ్లాం పోయిన మగాడవుతాడు. అందుకని అసలు పెళ్లే కాలేదనిపించాడు. పెళ్లి ఫొటోల్లోంచి వియ్యంకుణ్ని కత్తిరించడం మా చుట్టాల్లో చూశాను గాని, పెళ్లినే కత్తిరించడం నాకూ కొత్తే.

కథ విన్నాక అత్తమ్మ విచారణ మొదలైంది.

"పెద్దమ్మకెన్నేండ్లుంటయిరా?"

"తెల్లజుట్టు నాయనమ్మా. చానా పెద్దమనిషి."

"ముసల్దాన్ని బతికిచ్చుకోను పడుచుపిల్ల కాపురం తీసిండా? ఆమె ఒప్పుకున్నదా?"

"ఆమెకు తెల్వదు. సోయి లేకుండ పడుకున్నది."

"తెలిస్తే ఏ పెద్దమ్మన్న ఒప్పుకుంటదా?" అని నా వైపు తిరిగింది. "అల్లుడా, రేపు నాకేమన్న అయితే నువ్వు గసొంటి పని చెయ్యకు."

"ఆయన ఇస్తానన్నా తీసుకునే దయ్యం దొరకొద్దూ?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

నేను శ్రద్ధగా అన్నం తిన్నాను.

మా ఆవిడ గంటె పట్టుకుని బయటికొచ్చి ఇంకో ప్రశ్న వేసింది. "పెళ్లి కాలేదన్నట్టయితే, పెళ్లిలో పుట్టింటోళ్లు పెట్టిన బంగారం ఎటు పోయినట్టు?" మార్వెల్ కంపెనీలో అంతమంది సంపాదకులు కూర్చుని చర్చించుకున్నారు గదా, ఈ ముక్క ఒక్కరికైనా తట్టిందో లేదో.

నన్ను పట్టుకున్నది మాత్రం వేరే సంగతి. మా ఇంట్లో ఒక్కరు కూడా మనిషి గోడెలా ఎక్కుతాడని అడగలేదు. దయ్యం ఉందా లేదా అనలేదు. లోకమంతా పెళ్లిని ఒక్కసారిగా ఎలా మర్చిపోతుందనీ అనలేదు. వాళ్లు అడిగిందల్లా ఎవరికెవరు ఏమవుతారు, ఎవరి కోసం ఎవర్ని వదులుకోవచ్చు అన్నదే. సూపర్‌హీరోకు సంబంధించి తెలుగువాళ్ల రాజ్యాంగం ఇదేనేమోనని నాకు అనుమానమొచ్చింది. అనుమానం తీర్చుకోవాలంటే కేసులు కావాలి. వచ్చే ఆదివారం నుంచి కోడికూరతో పాటు ఒక్కో కేసు వడ్డించమని మావాడికి చెప్పాను.

నాకు కామిక్సు పరిచయం లేకపోలేదు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో దొరికినవి దొరికినట్టు చదివినవాణ్ని. వాటిలో చాలావాటికి చివరి పేజీలు ఉండేవి కావు. కాబట్టి హీరో ఏమయ్యాడన్న విషయంలో నాకు ఎవరి మీదా కోపం లేదు. శక్తిమాన్ మాత్రం 1997 నుంచి దూరదర్శన్‌లో పూర్తిగా చూశాను. ముఖేష్ ఖన్నా గిరగిరా తిరిగితే నేను కూడా తిరిగి బీరువాకు గుద్దుకున్న గుర్తు నుదుటి మీద ఇప్పటికీ ఉంది.

మొదటి కేసు సూపర్‌మ్యాన్ మరణం. 1992 నవంబరులో వచ్చిన 75వ సంచికలో డూమ్స్‌డే అనే రాక్షసుడితో నడివీధిలో కొట్టుకుని ఇద్దరూ చచ్చారు. అమెరికాలో జనం దుకాణాల ముందు లైన్లు కట్టి కొన్నారు, నల్లబ్యాడ్జీలు పెట్టుకున్నారు, కొందరు కంపెనీని తిట్టిపోశారు. మరుసటేడు సూపర్‌మ్యాన్ తిరిగొచ్చాడు, మెడ మీదికి జుట్టు పెంచుకుని. ఆ జుట్టు గురించి అభిమానులు చావు గురించి కన్నా ఎక్కువ గొడవ చేశారు.

అత్తమ్మకు అందులో గొడవ పడాల్సిందేమీ కనపడలేదు. "పోయినోడు తిరిగొచ్చిండు, మంచిదేనాయె. ఏడాది మైల గదా, క్షౌరం చేయించుకోకుండ దీక్ష పట్టిండు" అంది.

"ఎవరి మైల నాయనమ్మా? చచ్చింది ఆయనే గదా?"

"కొడుకుల్లేరంటివి. మరింకెవలు పడ్తరు?"

రెండో కేసు కాస్త గడ్డుది. డాక్టర్ ఆక్టోపస్ అనే పాత శత్రువు తన మనసును పీటర్ ఒంట్లోకి ఎక్కించేశాడు. 2012 డిసెంబరులో వచ్చిన అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 700వ సంచికలో పీటరేమో ఆ ముసలి విలన్ ఒంట్లో చిక్కుకుని ప్రాణం వదిలాడు. ఆ తర్వాత ఏడాదికి పైగా స్పైడర్‌మ్యాన్ వేషంలో తిరిగింది విలనే. రాసిన డాన్ స్లాట్‌ను చంపేస్తామని బెదిరించినవాళ్లూ ఉన్నారు. వింతేమిటంటే, నెలలు గడిచాక అదే కథను బాగుందన్నవాళ్లూ బోలెడుమంది తేలారు.

"పరకాయ ప్రవేశం" అని రెండు ముక్కల్లో తేల్చేసింది అత్తమ్మ. శంకరాచార్యులవారు చచ్చిపోయిన రాజు ఒంట్లో దూరలేదా, విక్రమార్కుడు చిలకలో దూరలేదా, ఇందులో చంపుకునేంత ఏముంది? అయితే అంతలోనే ఆవిడ ముఖం మారింది. "ఆగు. పరాయోడు మొగని రూపుల ఇంట్ల తిరుగుతాంటే, ఆ పిల్ల, మేరీ జేను, ఇంట్లనే ఉన్నదా?"

"లేదు నాయనమ్మా. పెండ్లి అప్పటికే పోయింది గదా."

"అగో!" అని ఊపిరి పీల్చుకుంది. "అయితే దయ్యం మంచి పనే చేసింది."

అమెరికాలో పదహారేళ్లుగా ఎవరూ ఇవ్వని క్లీన్‌చిట్ మెఫిస్టోకు కొత్తపేటలో దొరికింది.

కెప్టెన్ అమెరికా కేసును ఇంట్లో పెట్టకుండా ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర చాయ్ హోటల్‌కు తీసుకెళ్లాను. రాజకీయ కేసులకు అదే సరైన బెంచి. 2016 మేలో మొదలైన కొత్త కథలో, జీవితమంతా హైడ్రా అనే దుష్టమూకతో పోరాడిన కెప్టెన్, మొదటి సంచిక చివరి పేజీలో నేనూ హైడ్రావాణ్నే అన్నాడు. అమెరికా అట్టుడికిపోయింది. డెబ్బై అయిదేళ్ల దేశభక్తుణ్ని ఇలా చేస్తారా అని ఏడ్చారు. చాయ్ హోటల్లో ఈ సంగతి చెబితే ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి బిస్కెట్ ముంచుకుంటూ అడిగాడు.

"ఎలచ్చన్ల ముందట మారిండా, గెలిచినంక మారిండా?"

"అది కామిక్సు అన్నా."

"ఏదైతేంది. మంత్రి పదవి ఇస్తమన్నరా?"

ఇది ఎల్బీనగర్ నియోజకవర్గం. ఇక్కడి ఓటరు ఒక కండువాకు ఓటేసి ఇంటికొచ్చి నిద్రపోయి లేచేసరికి అదే మెడలో ఇంకో కండువా చూసినవాడు. కెప్టెన్ అమెరికా వాణ్ని ఏం కంగారు పెడతాడు? ఆ మార్పు కొన్నాళ్ల ముచ్చటేనని, చివరికి మంచి కెప్టెన్ తిరిగొచ్చాడని చెబితే, "సొంత గూటికి వచ్చిండన్నట్టు" అని చాయ్ డబ్బులిచ్చి వెళ్లిపోయాడు.

మా పై వాటాలో విజయవాడ నుంచి వచ్చిన రిటైరైన మాస్టారు ఒకరుంటారు. విజయవాడ బస్సు ఎల్బీనగర్‌లో దింపితే సామాను మోసుకుని ఇంకా ఊళ్లోకి పోవడం ఎందుకని ఇక్కడే ఇల్లు చూసుకున్నవాళ్లలో ఆయనొకరు. మా ఆదివారం చర్చలు మెట్ల మీదుగా ఆయన చెవిన పడ్డాయి. ఓ రోజు దిగొచ్చారు.

"ఏవండీ, మీరంతా ఏ సూపర్‌మ్యాన్ గురించి మాట్లాడుతున్నారు? సూపర్‌మ్యాన్ అంటే మా అన్నగారే కదండీ" అన్నారు.

ఆయన చెప్పింది నిజమే. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్టీ రామారావు హీరోగా సూపర్‌మ్యాన్ అనే సినిమా వచ్చింది. జయప్రద నాయిక. అమెరికా సూపర్‌మ్యాన్ కథలో క్రిప్టాన్ అనే గ్రహం పేలిపోవాలి, పసివాడు రాకెట్టెక్కి భూమ్మీద పడాలి, అక్కడి సూర్యుడు వేరు ఇక్కడి సూర్యుడు వేరు అని బోలెడు వివరణ ఉంటుంది. మనవాళ్లు అదంతా కొట్టేశారు. పిల్లాడు ఆంజనేయస్వామిని వేడుకున్నాడు, ఆయన శక్తులిచ్చాడు, అయిపోయింది. గ్రహాల ఖర్చు మిగిలింది.

"మరి అసలు కథ మార్చేశారని అప్పుడెవరూ అడగలేదా అంకుల్?" అన్నాడు మావాడు.

"ఎందుకడుగుతారు బాబూ? హనుమంతుడు ఇచ్చాడంటే ఆపైన ఇంకెవరి సంతకం కావాలి?"

మాస్టారి పుణ్యమా అని నా విచారణ అమెరికా వదిలి సొంతూరికి వచ్చింది. వచ్చి చూస్తే, మంచివాళ్లు మంచివాళ్లతోనే కొట్టుకునే కథ, మార్వెల్ వాళ్లు 2006లో గొప్పగా కనిపెట్టామనుకున్న సివిల్ వార్, మనకు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఉంది. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి గయోపాఖ్యానం. గయుడనే గంధర్వుడు ఆకాశంలో పోతూ ఉమ్మితే అది అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట్లో పడింది. కృష్ణుడు చంపుతానని ప్రతిజ్ఞ చేశాడు. సంగతి తెలియక అర్జునుడు వాడికి అభయమిచ్చాడు. ఇక బావా బావమరుదుల యుద్ధం. మెట్రో స్తంభాల మీద ఉమ్మే మహానుభావులు ఈ కథ ఒకసారి చదివితే బాగుండును, కింద ఎవరున్నారో తెలియదు. ఇలాంటి కథ భారతంలో ఎక్కడుందని నాటకం చూసే జనం నిలదీయలేదు. ఊరూరా ఆడించుకున్నారు. 1963లో కె.వి. రెడ్డి దాన్నే శ్రీకృష్ణార్జున యుద్ధంగా తీస్తే, ఎన్టీఆర్ కృష్ణుడు, ఏఎన్నార్ అర్జునుడు. ఎవరు గెలిస్తే ఎవరి అభిమానులు ఊరుకుంటారు? ఆ కథలో ఎవరూ ఓడకపోవడం ఎంత సౌకర్యమో, ఆర్ఆర్ఆర్ సినిమాలో ఇద్దరు హీరోలకు చెరి ఎన్ని నిమిషాలు వచ్చాయని గడియారం పెట్టుకు లెక్కేసినవాళ్లను అడగండి. రాముడికీ ఆంజనేయుడికీ కూడా యుద్ధం పెట్టాం మనం. 1975లో బాపు తీశారు. దేవుడు పక్కనుండగా భక్తుడి తరఫున చప్పట్లు కొట్టాం. ఎవరికీ తప్పనిపించలేదు.

అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం మాయాబజార్. 1957. అభిమన్యుడి భార్య ఉత్తర అని భారతం చదివిన ఎవరైనా చెబుతారు. శశిరేఖ ఎవరో వ్యాసుడికి తెలియదు. ఆ పిల్ల మన కథల్లో, నాటకాల్లో, 1936 నాటి సినిమాలో పెరిగి, కె.వి. రెడ్డి చేతుల మీదుగా సావిత్రి అయ్యి, ఇంటింటికీ ఆడపడుచైంది. కల్పితమైన పెళ్లికూతురు కోసం కల్పితమైన పెళ్లి విందు వండి, దాన్ని ఘటోత్కచుడు ఒక్కడే తినేస్తే, మనం అరవై ఏళ్ల పైబడి లొట్టలేస్తున్నాం. వ్యాసుడి అభిమానులు ఎవరూ థియేటర్ల ముందు ధర్నా చేయలేదు. ఎందుకు చేయలేదో మా అత్తమ్మే చెప్పింది.

"మేనమామ బిడ్డను చేసుకున్నడు. వరసైనదే గదా. తప్పేముంది?"

అభిమన్యుడి తల్లి సుభద్ర, సుభద్ర అన్న బలరాముడు, బలరాముడి కూతురు శశిరేఖ. మేనరికం పక్కాగా కుదిరింది. కథకు కొత్తగా భార్యను తెచ్చిపెట్టినా మనవాళ్లు కట్నకానుకలతో సహా ఒప్పుకున్నారు. ఉన్న భార్యను మాయం చేసిన మార్వెల్‌ను మాత్రం ఇక్కడ సూర్యాపేట కుర్రాడు కూడా క్షమించలేకపోతున్నాడు. అమెరికా వాళ్లూ ఇందులో మనకు మరీ దూరం కాదులెండి. స్టాన్ లీ పేరుతో రోజూ దినపత్రికల్లో వచ్చే స్పైడర్‌మ్యాన్ బొమ్మల కథలో కూడా 2009 మొదట్లో పెళ్లి తీసేసి పీటర్‌ను బ్రహ్మచారిని చేశారు. పొద్దున్నే కాఫీతో చదివే పాఠకులకు నచ్చలేదు. కొన్ని నెలలు తిరక్కుండానే పీటర్ నిద్రలేచాడు, పక్కన భార్య ఉంది, జరిగిందంతా కల. కామిక్సు దుకాణాల కుర్రకారు అరిచి సాధించలేనిది దినపత్రికలు చదివే కుటుంబీకులు సాధించారు. ఆ పాఠకుల్లో సగంమంది వనస్థలిపురంలో ఉండాల్సినవాళ్లని నా నమ్మకం.

ఇంతవరకూ అంతా సాఫీగానే ఉంది. మా ఇంటి రాజ్యాంగానికి అసలు పరీక్ష మన సొంత సూపర్‌హీరో దగ్గర ఎదురైంది.

2024 సంక్రాంతి గుర్తుందా? జనవరి 12న మహేశ్‌బాబు గుంటూరు కారం, అదే రోజు తేజ సజ్జా హను-మాన్. పెద్ద హీరో ముందు చిన్న హీరోకు హైదరాబాదులో థియేటర్లు దొరకడమే గగనమైంది. ముందు రోజు రాత్రి ప్రీమియర్లు వేశారు. ఆ రాత్రి ఎల్బీనగర్ ఎలా ఉంటుందో ఈ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఊళ్లకు పోయే జనం, నెత్తిన సంచులు, చంకన పిల్లలు, అద్దంలోంచి సీటు మీదికి విసిరే తువ్వాళ్లు. సూర్యాపేట బస్సెక్కాల్సిన మావాడు సంచీతో సహా థియేటర్‌కు పోయాడు. వాళ్ల నాన్న ఫోన్ చేస్తే, బస్సులో ఉన్నానన్నాడు. వెనక నుంచి జై హనుమాన్ అని వందలమంది అరుపు. "బస్సుల గింత భక్తేందిరా?" అన్నాడు మా బామ్మర్ది.

పండగయ్యాక అత్తమ్మను కూడా మేం తీసుకెళ్లాం. విలన్ మైకేల్ చిన్నతనం చూసే ఆవిడ సగం లేచి నిలబడింది. సూపర్‌హీరోలందరికీ అమ్మానాన్నలు ఉండరు కాబట్టి తన అమ్మానాన్నలు కూడా పోతే హీరోనవుతానని ఆ పిల్లాడి తర్కం. స్పైడర్‌మ్యాన్, సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ అందరూ తల్లిదండ్రులు లేనివాళ్లే. కామిక్సు మొత్తానికి వేసిన గొప్ప వెటకారం అది, దర్శకుడు ప్రశాంత్ వర్మకు ఆ ఒక్క ఆలోచనకే దండెయ్యొచ్చు. కానీ అత్తమ్మ దాన్ని వెటకారంగా తీసుకోలేదు. "కన్నోళ్లను సంపుకున్నోడు ఎట్ల గెలుస్తడు? కథ అయిపోయింది, పోదాం పా" అంది. మేం కూర్చోబెట్టాం. హీరోను తల్లిలా పెంచిన అక్క అంజమ్మ, అంటే వరలక్ష్మి శరత్‌కుమార్, చనిపోయినప్పుడు ఆవిడ కొంగు మొత్తం తడిసింది. కొండంత హనుమంతుడు, హీరోకు శక్తులిచ్చిన రుధిరమణి, రవితేజ గొంతుతో మాట్లాడే కోతి, ఇవేవీ ఇంటికొచ్చాక ఆవిడ తలచుకోలేదు. "అక్క బాగ చేసింది" అంది.

అదే ఏడాది దీపావళి ముందు రోజు, అక్టోబరు 30న, రెండో భాగం జై హనుమాన్ బొమ్మ వదిలారు. హనుమంతుడిగా కన్నడ నటుడు రిషబ్ శెట్టి. మావాడి హాస్టల్ గదిలో నాలుగు మంచాలు నాలుగు రాష్ట్రాలయ్యాయి. ఖమ్మం కుర్రాడు తేజ సజ్జాను పక్కన పెడితే సినిమా చూడనన్నాడు. కర్నూలు కుర్రాడు కాంతార చూసినప్పటి నుంచీ రిషబ్ శెట్టికి మొక్కుతున్నాడు, వాడికి పండగే. మహబూబ్‌నగర్ పిల్లాడు దేవుడికి ఏ నటుడి ముఖమూ పెట్టకూడదని వాదించాడు. గోడకున్న ఎన్టీఆర్ కృష్ణుడి క్యాలెండర్ చూపిస్తే, అది వేరే అన్నాడు. మావాడు మార్వెల్ చదువుకున్నవాడు గనక లోకాల మీద లోకాలు వేసి, ఏ లోకంలో ఏ హనుమంతుడో బొమ్మ గీసి చూపించాడు. ముగ్గురూ కలిసి వాణ్ని తిట్టారు. వాదన మిర్చి బండి దాకా నడిచి, బజ్జీలు చల్లారేదాకా సాగి, ఆ వారం జావా క్లాసు ఎగిరిపోయింది.

తీర్పు కోసం మళ్లీ మా ఇంటికే వచ్చాడు. ఆ రోజు మంగళవారం. అత్తమ్మ కర్మన్‌ఘాట్ గుడి నుంచి అప్పుడే వచ్చి కూర్చుంది. ఎల్బీనగర్‌కు ఈ పక్కనే ఉంటుంది ఆ గుడి. కాకతీయుల కాలంలో, పన్నెండో శతాబ్దంలో వెలసిందంటారు. స్వామి అక్కడ గద ఎత్తి ఉండడు, ధ్యానంలో ఉంటాడు. ఔరంగజేబు గుడి కూల్చడానికి వస్తే, కూల్చాలంటే ముందు నీ గుండె గట్టిచేసుకో అని లోపలి నుంచి గొంతు వినిపించిందని, ఆ హిందీ మాటే కర్మన్‌ఘాట్ అయిందని స్థలపురాణం. అంటే మా పేటలో అసలు సూపర్‌హీరో ఎప్పటి నుంచో ఉన్నాడు. మంగళ, శనివారాల్లో ఆయన అభిమానుల బండ్లతో ఆ రోడ్డు కదలదు.

మావాడు ఫోను ముందు పెట్టాడు. "చూడు నాయనమ్మా. పాతాయనను తీసేసి ఈయనను పెట్టిన్రు. ఈయన మనోడు గూడ గాదు."

ఆవిడ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. బొమ్మలో ఆంజనేయుడు రాముడి విగ్రహాన్ని చేతుల్లోకి తీసుకుని ఉన్నాడు.

"చేతుల రాముడున్నడు గదరా. ఇగ ముఖంతోటి నీకేం పని?"

నాలుగు మంచాల గొడవ అక్కడితో తెగిందని చెప్పను. హాస్టల్‌కు పోయాక మళ్లీ మొదలైంది. మా ఇంట్లో మాత్రం ఆ ఫైలు మూసేశాం.

ఇక మిగిలిన ఆఖరి కేసు నాకు ఇష్టమైంది. హను-మాన్ వచ్చిన వారంలోనే, 2024 జనవరి 10న, మార్వెల్ ఇంకో లోకంలో ఇంకో స్పైడర్‌మ్యాన్‌ను దించింది. అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్. రాసింది జోనాథన్ హిక్‌మన్, బొమ్మలు మార్కో కెకెటో. ఇందులో పీటర్‌కు కుర్రతనంలో సాలీడు కుట్టనే లేదు. ముప్పై అయిదేళ్ల ఉద్యోగస్తుడు. గడ్డం. మేరీ జేన్‌తో పెళ్లయింది, ఒక కొడుకు, ఒక కూతురు. అంతా అయ్యాక, ఈ వయసులో వచ్చింది శక్తి. పదహారేళ్లుగా మొగుడూపెళ్లాలను కలపమని మొత్తుకుంటున్న అభిమానులు ఎగబడి కొన్నారు. మొదటి సంచికను మళ్లీ మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చింది.

మావాడు ఎగిరి గంతేస్తాడనుకున్నాను. వాడి ముఖం మాడిపోయి ఉంది.

"పెండ్లి కావాలని ఏడ్చింది నువ్వే గదరా?"

"పెండ్లి కావాలె మామా. గని గిట్ల అంకుల్ కావొద్దు. పిల్లలను బడికి తోలే స్పైడర్‌మ్యాన్ ఏంది?"

జో కెసాడా చెప్పింది ఇదేనేమో. నాకు మాత్రం జీవితంలో మొదటిసారి ఒక సూపర్‌హీరో మీద పూర్తి భరోసా కలిగింది. ఈఎంఐ తేదీ తెలిసినవాడు, రాత్రి ఆలస్యమైతే ఇంట్లో ఏం చెప్పాలో ఆలోచించుకునేవాడు గోడలెక్కుతున్నాడంటే అది నిజంగా గొప్ప సంగతే. "ఆయనకు గడ్డమొక్కటే ఉంది" అని మా ఆవిడ నా పొట్ట వైపు చూసింది. నేను వినిపించుకోలేదు.

అత్తమ్మ అప్పటిదాకా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటోంది. "పిల్లలు సల్లగుండాలె" అని, తర్వాత అసలు ప్రశ్నకు వచ్చింది. "పెదనాన ఉన్నడా, పోయిండా?"

"ఈ కథల ఆయన బతికే ఉన్నడు నాయనమ్మా. పేపరాఫీసుల పెద్ద ఉద్యోగం. పెద్దమ్మనే పోయింది."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "పెద్దమ్మ పోయిందా? మరి ఆ పెద్దాయనకు వంటెవరు చేస్తున్నరు?"

మావాడు బిక్కమొహం వేశాడు. "అది రాయలే నాయనమ్మా."

"రాయకపోతే ఆయన తింటలేడా? జర చదివి చెప్పు. ఆ పిల్లకు ఇద్దరు పిల్లలున్నరు, నలుగురికి వండుడే కదా, ఇంకొక్క మనిషి ఎక్కువైతడా? ఇంటికి తోలుకొచ్చుకోమను."

ఆ రాత్రి హాస్టల్‌కు పోయి వాడు మొదటి సంచిక నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టాడట, బెన్ పార్కర్ ఎక్కడన్నా అన్నం తింటున్న బొమ్మ ఉందేమోనని.